పార్కులో పిల్లల ఆటల గురించి

అందరికీ నమస్కారం. పార్కు గేటుకు ‘బంతి ఆటలు నిషేధం’ అని బోర్డు పెట్టినప్పటి నుంచి మన పిల్లలు కార్ల మధ్య ఆడుతున్నారు, లేదంటే ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు. మావాడు రెండో రకం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బళ్లో ఆటల పీరియడ్ ఉంటుంది కానీ పరీక్షలొస్తే అది లెక్కల సార్‌కి పోతుంది!

పిల్లలను తిడితే తీరే సమస్య కాదిది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పిల్లలు అతిగా బరువు పెరగకుండా చూసే పనిని నగరపాలక సంస్థే భుజాన వేసుకుంది. బడికి జ్యూస్ తేవద్దు, నీళ్లో పాలో చాలంది. డబ్బులేని ఇళ్ల పిల్లలకు ఆటల క్లబ్ ఫీజులో సాయం చేసింది. అక్కడ అధిక బరువున్న పిల్లలు 2012లో 21 శాతం, 2015లో 18.5 శాతం.

మనకూ 2020 నాటి ఆహార భద్రత నిబంధన ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు స్కూల్ గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదు. మన వీధి చివర స్కూల్ దగ్గర బండ్లు మీరు చూస్తూనే ఉన్నారు.

వార్డు ఆఫీసుకు అర్జీ రాశాను. సాయంత్రం 4 నుంచి 6 దాకా పార్కులో వెనక మూల పిల్లలకు వదలమని అడుగుతున్నాం. ఆ వేళ వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ల అభ్యంతరం కూడా వినాలి, కాబట్టి వాళ్లనూ పిలవండి. ఆదివారం ఉదయం 10కి కమ్యూనిటీ హాల్లో సంతకాలు. పెన్ను తెచ్చుకోండి, పోయినసారి ఒక్కటే ఉంది.