అమ్మమ్మ సాక్ష్యం వీడియో వెనక ఉన్న వాళ్ళందరికీ థ్యాంక్స్

అందరికీ వందనాలు. శనివారం ఆదరణ కూడికలో అమ్మమ్మ సాక్ష్యం (దేవుడు తనకి చేసిన మేలు గురించి సంఘంలో చెప్పిన మాటలు) వీడియో చూసి చాలామంది బాగా చేశావ్ తమ్ముడూ అని మెసేజ్‌లు పెట్టారు, ఒక్కొక్కరికీ రిప్లై ఇస్తుంటే నాకే సిగ్గేసింది, ఎందుకంటే ఆ వీడియో అసలు లేకుండా పోయింది, పోగొట్టింది నేను, తిరిగి తెచ్చింది వేరేవాళ్ళు. మెచ్చుకోళ్ళు మాత్రం నా ఖాతాలో పడుతున్నాయి. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసేస్తున్నా, కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

నన్ను తెలియని వాళ్ళకి, నేను మా సంఘంలో వెనక టేబుల్ దగ్గర కూర్చునే అబ్బాయిని. మీడియా టీమ్ అంటారు గానీ ఉన్నది ముగ్గురం, సౌండ్ అన్న, స్లైడ్స్ వేసే అక్క, ఇక కెమెరా, లైవ్, రికార్డింగ్, ఎడిటింగ్, పోస్టర్లు, ఎవరి ఫోన్‌కి వైఫై రాకపోయినా నేను. ఆదివారం అందరికంటే రెండు గంటల ముందొచ్చి కేబుళ్ళు పరుస్తాం, అందరూ వెళ్ళాక మళ్ళీ చుట్టి పెడతాం, మైకుల్లో బ్యాటరీలు మారుస్తాం, పాటల స్లైడ్స్‌లో వత్తులు ఊడిపోయాయేమో చూస్కుంటాం (పాత అను ఫాంట్స్‌లో కొట్టిన పాటలు యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు అక్షరాలు చేసే అల్లరి గురించి ఆ అక్కనే అడగాలి). ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటారు, మేం మూసుకోలేం, చెయ్యి మౌస్ మీద ఉంటది, ఆమెన్ అనగానే కెమెరా మారాలి. పాడేవాళ్ళకి ప్రేరేపణ వచ్చి రెండో చరణం వదిలేసి మళ్ళీ పల్లవికి వెళ్ళిపోతే స్లైడ్ కూడా అదే ప్రేరేపణతో వెనక్కి వెళ్ళాలి. అన్నీ సరిగ్గా జరిగితే మేం ఉన్నామనే ఎవరికీ తెలీదు. మైక్ ఒక్కసారి కీఁ మని కూసిందా, హాలు మొత్తం తలలు వెనక్కి తిరుగుతాయి. కంప్లైంట్ కాదు, ఉన్న మాట చెప్తున్నా, మాకు అందరి మొహాలు ఒకేసారి కనపడేది ఆ ఒక్క సెకనే.

ఇక విషయానికొస్తా. ఆ ఆదివారం పొద్దున్నుంచి నెట్ లేదు, లైవ్ క్యాన్సిల్ చేసి రికార్డింగ్ ఒకటే పెట్టుకున్నాం. సాక్ష్యాల టైంలో ముందు వరసలో కూర్చునే అమ్మమ్మ లేచారు, ఆవిడ్ని సంఘంలో అందరం అమ్మమ్మ అనే పిలుస్తాం. ఆవిడ ముందుకొచ్చి మాట్లాడటం నేనైతే ఎప్పుడూ చూడలేదు. మెట్టెక్కేటప్పుడు చేతికర్ర స్టేజీ చెక్క మీద టక్ మని తగిలింది, పులిపీఠం (ప్రసంగం చెప్పే బల్ల) పట్టుకుని నిలబడ్డారు, 14 నిమిషాలు మాట్లాడారు. తాతయ్య పోయాక రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట, బైబిల్ చదువుదామంటే కళ్ళు ఆనవు, అందుకని చీకట్లో పాటలు పాడుకునేవారట, ఒక రాత్రి రెండో చరణం ఎంతకీ గుర్తు రాక అదే పల్లవి తెల్లారేదాకా పాడాను, దేవుడికే విసుగొచ్చి నిద్ర పంపాడేమో అన్నారు, హాలంతా నవ్వారు. అయిపోయి దిగబోతూ మైక్‌కి పక్కకి తిరిగి నా కెమెరా వైపు చూసి ఇంకో మాట కూడా అన్నారు. అది హాల్లో ఎవరికీ వినపడలేదు. లైవ్‌కీ రికార్డింగ్‌కీ స్పీకర్లకి వెళ్ళే సౌండ్ కాకుండా వేరే మిక్స్ పెడతాం, అందులో హాల్ మైక్ కూడా కలుస్తుంది కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో నాకొక్కడికే సన్నగా వినిపించింది. ఆ మాట తర్వాత చెప్తా.

ఆ తర్వాత వాక్యం, అంటే ప్రసంగం మధ్యలో కరెంట్ పోయింది. యూపీఎస్ ఉంది, ఉండి ఏం లాభం, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. నెల రోజులుగా అది బీప్ బీప్ మని మొత్తుకుంటుంటే ఆరాధనకి డిస్టర్బెన్స్ అని ఆ బీప్ సౌండ్ ఆపేసిన మహానుభావుడు ఎవరో కాదు, నేనే. రెండో తప్పు కూడా నాదే. ఓబీఎస్‌లో (లైవ్, రికార్డింగ్ రెండూ చేసే సాఫ్ట్‌వేర్) మేం ఎప్పుడూ ఎంకేవీ ఫార్మాట్‌లో రికార్డ్ చేసేవాళ్ళం, నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంకేవీ తీస్కోదు, వారం వారం కన్వర్ట్ చేయడానికి బద్ధకమేసి రెండు వారాల ముందే ఎంపీ4కి మార్చేశా. తేడా ఏంటంటే, మామూలు ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటది, మూవ్ ఆటమ్ అంటారు, అది రికార్డింగ్ ఆపాక చివర్లో రాసుకుంటుంది. ఆపకముందే కరెంట్ పోతే పట్టిక లేదు. బొమ్మా సౌండూ అన్నీ ఫైల్లోనే ఉంటాయి, ఎక్కడ ఏది మొదలైందో ప్లేయర్‌కి తెలీదు అంతే, కుట్టు ఊడి పేజీ నంబర్లు చెరిగిపోయిన పాటల పుస్తకం అనుకోండి. అదే ఎంకేవీ అయితే కరెంట్ పోయిన చోటు దాకా హాయిగా ఆడేది.

సాయంత్రం చూస్తే 1 గంట 26 నిమిషాల రికార్డింగ్, 3.9 జీబీ సైజు చూపిస్తోంది, డబుల్ క్లిక్ చేస్తే ఏమీ లేదు. వీఎల్‌సీలో పెట్టా, పేరు మార్చి చూశా, ఏవేవో రిపేర్ సైట్లకి ఎక్కించా. కాలేదు. ఎవరికీ చెప్పలేదు. వీడియో ఎప్పుడు పెడతావ్ అని అడిగితే ఎడిటింగ్ నడుస్తోంది అన్నా, అక్కడికి అది అబద్ధం కాదన్నట్టు ఆ ఫోల్డర్ ఓపెన్ చేసి కూర్చునేవాణ్ణి కూడా. అట్లా తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు, మంగళవారం, అమ్మమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

బుధవారం భూస్థాపన అయ్యాక వాళ్ళబ్బాయి నా భుజం మీద చెయ్యేసి, తమ్ముడూ మా అమ్మ మాట్లాడిన వీడియో నీ దగ్గరుంది కదా, శనివారం కూడికలో వేద్దాం, మా దగ్గర అమ్మ గొంతు ఒక్క ముక్క కూడా లేదు అన్నారు. సరే అన్నా. అది చెప్పాక ఇక నేను నిలబడలేకపోయా.

ఆ రాత్రి అయ్యగారి (మా పాస్టర్ గారి) దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశా, బీప్ ఆపింది, ఫార్మాట్ మార్చింది, తొమ్మిది రోజులు ఎడిటింగ్ అని చెప్పింది. తిడతారనుకున్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, ఆ ఫైల్ సంగతులు నాకు తెలీవు నాయనా, వాళ్ళకి చెప్పాల్సింది మాత్రం నేను చెప్తా, నువ్వు నా పక్కన నిలబడు చాలు అన్నారు. నిలబడ్డా. వాళ్ళబ్బాయి ఏమీ అనలేదు, ఏదన్నా అని ఉంటే బాగుండేది అనిపించింది. అయ్యగారికి మొదటి థ్యాంక్స్ అందుకు. కంప్యూటర్లు కుర్రాళ్ళ చేతికిస్తే ఇంతే అన్న పెద్దాయనకి కూడా కోపం లేకుండా చెప్తున్నా, మీరన్నది ఆ రోజుకి కరెక్టే.

ఇంటికొచ్చి చర్చి మీడియా వాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంటే అందులో సిగ్గు విడిచి పెట్టా. పది నిమిషాల్లో నేను ఎప్పుడూ చూడని ఒక అన్న ఫోన్ చేశారు. హలో కూడా సరిగ్గా అనలేదు, ఆ ఫైల్‌ని ఇంక ముట్టుకోకు, ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ తియ్, ఏం చేసినా కాపీ మీదే చేద్దాం అన్నారు. ఆ ఒక్క మాట ఆదివారం సాయంత్రమే ఎవరన్నా చెప్పి ఉంటే నేను తొమ్మిది రోజులు దాని మీద అన్ని ప్రయోగాలు చేసేవాణ్ణి కాదు. ఎవరన్నా చెప్పాలంటే ముందు నేను చెప్పాలి కదా, అదీ నిజమే.

ఆ అన్న పట్టుకొచ్చింది అన్‌ట్రంక్ అనే ఫ్రీ టూల్. పాడైన ఫైల్‌తో పాటు అదే సెట్టింగ్స్‌తో తీసిన మంచి ఫైల్ ఇంకోటి ఇవ్వాలి, దాన్ని నమూనాగా పెట్టుకుని పాడైనదాంట్లో ఫ్రేములు వెతికి పట్టిక మళ్ళీ కట్టుకొస్తుంది. వాళ్ళ పాప నిద్రపోయాక రాత్రి 11కి స్క్రీన్ షేర్‌లోకి వచ్చేవారు, పాప లేచి ఏడిస్తే ఒక్క నిమిషం తమ్ముడూ అని వెళ్ళి జోకొట్టి వచ్చేవారు. మొదటి రాత్రి రెండు సెకన్లు వచ్చి ఆ తర్వాత అంతా పచ్చ డబ్బాలు. ఎందుకంటే నేనిచ్చిన నమూనా అంతకు ముందు వారంది, అందులో ఆడియో ట్రాక్ ఒకటే, ఈ ఆదివారం నేను రెండో ట్రాక్ ఆన్ చేశానన్న సంగతి మర్చిపోయా. ఆయన విసుక్కోలేదు. అదే కంప్యూటర్, అదే కెమెరా, అవే సెట్టింగ్స్, రెండు ట్రాకులు, కొత్తగా ఒక ఐదు నిమిషాలు తీసి పంపు అన్నారు.

గురువారం రాత్రి చర్చి తాళం తీయించుకుని ఒక్కణ్ణే వెళ్ళా. స్టేజీ లైట్ ఒకటి వేసి రికార్డ్ నొక్కా. ఎదురుగా ఎవరూ లేని పులిపీఠం, హెడ్‌ఫోన్స్‌లో ఫ్యాన్ చప్పుడు. ఎంత కాలంగానో ఇదే కెమెరా వెనక కూర్చుంటున్నా, ఐదు నిమిషాలు ఏమీ సరిచేయాల్సిన పని లేకుండా అటు చూస్తూ కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. ఆ రోజు నేను కళ్ళు మూసుకునే ప్రార్థన చేశా, ఆమెన్ అన్నాక మార్చడానికి రెండో కెమెరా కూడా లేదు.

ఆ నమూనాతో తెల్లవారుజామున వీడియో వచ్చేసింది. అమ్మమ్మ మెట్టెక్కుతున్నారు. ఫోన్‌లో ఆ అన్నా నేనూ ఇద్దరం ఏం మాట్లాడలేదు కాసేపు. చివరి కొన్ని సెకన్లు పోయాయంతే, అవి ఎట్లాగూ వాక్యంలోవి. కానీ సౌండ్ మాత్రం కరకర, మాట అర్థం కావట్లేదు.

ఇక్కడ మా సౌండ్ అన్న. ఆయనకి ఒక అలవాటుంది, మిక్సర్ నుంచి మా లైవ్ మిక్స్‌ని ఒక వైర్ లాగి బ్యాటరీతో నడిచే చిన్న రికార్డర్‌లోకి కూడా పెడతారు, ఎవరూ అడగరు, ఎవరికీ వినిపించరు, కార్డు నిండితే చెరిపేస్తారు. ఎందుకన్నా ఈ చాదస్తం అని నేనే ఎన్నోసార్లు నవ్వా. శుక్రవారం పొద్దున ఆ రికార్డర్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఏం అనకుండా వెళ్ళిపోయారు. నవ్వినందుకు సారీ అన్నా.

బొమ్మ ఒక దగ్గర, సౌండ్ ఒక దగ్గర, రెండూ కలపడానికి చప్పట్లు లాంటి గుర్తేదో కావాలి, సినిమా వాళ్ళు క్లాప్ కొట్టేది అందుకే. మాకు క్లాప్ ఎక్కడిది అనుకుంటుంటే అమ్మమ్మ కర్ర దొరికింది. మెట్టు మీద కర్ర ఆనిన ఫ్రేమ్, వేవ్‌ఫామ్‌లో ఆ టక్ దగ్గర సూదిలా లేచిన గీత, రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టేసరికి పెదాలూ మాటా కలిసిపోయాయి. ఎడిటింగ్ శుక్రవారం రాత్రి సౌండ్ అన్న వాళ్ళింట్లోనే కూర్చుని చేశాం. వాళ్ళమ్మ రెండింటికి లేచి లైటార్పి పడుకోండిరా అని తిట్టి, మళ్ళీ తనే ఫ్యాన్ మా వైపు తిప్పి వెళ్ళారు.

అయ్యగారు ఒకసారి వాక్యంలో చెప్పారు, రోమా పత్రిక 16వ అధ్యాయం చాలావరకు పేర్లూ వందనాలే, ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, రూఫు, రూఫు వాళ్ళమ్మ, ఆమె నాకూ అమ్మే అంటాడు పౌలు. అంత పెద్ద పత్రికలో ఈ లిస్టు ఎందుకా అనుకునేవాణ్ణి. 22వ వచనంలో అయితే పౌలు చెప్తుంటే రాసిపెట్టిన తెర్తియు మధ్యలో దూరి, ఇది రాసింది నేనే, నా వందనాలు కూడా అని ఒక లైన్ వేసుకుంటాడు. ఇతను మనోడే, మీడియా టీమ్ అని అప్పుడు నవ్వుకున్నా. ఇప్పుడు నా వంతు వచ్చింది కాబట్టి పౌలు గారి పద్ధతిలోనే, రెండు రాత్రులు నిద్ర మానుకున్న ఆ అన్నకి వందనాలు, ఆ ఇంట్లో పాపకి వందనాలు, సౌండ్ అన్నకీ, నాకూ అమ్మే అయిన వాళ్ళమ్మకీ వందనాలు, అడగ్గానే చర్చి తాళం తీసిన బాబాయ్‌కి, ఆ మూడు రోజులు నా పోస్టర్ల పని కూడా తన నెత్తిన వేసుకున్న అక్కకి, కొత్త యూపీఎస్ బ్యాటరీ తెచ్చి పేరు చెప్పొద్దన్న వాళ్ళకి వందనాలు.

తోటి మీడియా వాళ్ళు అడుగుతున్నారు కాబట్టి ఒక్క ముక్క, మేం మళ్ళీ ఎంకేవీకి వచ్చేశాం, ఓబీఎస్‌లోనే రీమక్స్ ఆప్షన్ ఉంది, క్వాలిటీ తగ్గకుండా ఎంపీ4 అయిపోతుంది, కాసేపట్లో అయ్యే పని. 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని కూడా పెట్టారు, అది మధ్యలో ఆగినా పాడవదు. యూపీఎస్ బీప్ మంటే బ్యాటరీ మార్చండి, బీప్‌ని కాదు.

శనివారం సంగతి చెప్పి ఆపేస్తా. వీడియో మొదలైంది, పల్లవి తెల్లారేదాకా పాడిన సంగతి దగ్గర మళ్ళీ అందరూ నవ్వారు, వాళ్ళబ్బాయి కూడా నవ్వారు. చివర్లో ఆవిడ మైక్ నుంచి పక్కకి తిరిగిన చోట నేను సౌండ్ పెంచి పెట్టా, వాళ్ళింట్లో వాళ్ళని అడిగే పెట్టా. ఈసారి హాలంతటికీ వినిపించింది, "ఓ కెమెరా బాబూ, ముసలిదాని మొహం కాస్త మంచిగా చూపించు నాయనా, వెనకెక్కడో కూర్చుంటావు, అన్నం వేళకి తింటున్నావో లేదో."

తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. మైక్ ఏమన్నా కూసిందేమోనని అలవాటు కొద్దీ మిక్సర్ వైపు చూశా, కూయలేదు. ఏం చేయాలో తెలీక మౌస్ వదిలేసి లేచి నిలబడిపోయా, ఆ తర్వాత రావాల్సిన పాట స్లైడ్ లేట్ అయింది అందుకే, క్యూ ఇవ్వాల్సింది నేను, దానికి సారీ అక్కా.