మంత్రి గారూ, ముందు ఆ దగ్గు మందు సీసా చూడండి

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలండీ. నేను గాజువాకలో పంతొమ్మిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 400 మీటర్లు పరిగెడుతుంది. హైస్కూలు పిల్లల పోటీల్లోనూ డోప్ టెస్టులు, అంటే నిషేధిత మందులు ఒంట్లో ఉన్నాయేమో చూసే పరీక్షలు పెట్టాలని గ్రౌండ్ దగ్గర తల్లిదండ్రులు అనుకుంటున్నారు. పెట్టండి, నేను వద్దనను. కానీ ముందు నా గోడు వినండి.

పోయిన చలికాలం ఒక కుర్రాడు దగ్గు మందు అడిగాడు. పెద్ద పోటీలకు వెళ్లేవాడు. సీసా చేతికిస్తే వెనక్కి తిప్పి, చిన్నక్షరాలు చదివి, ‘ఇందులో టెర్బ్యుటలిన్ ఉందన్నా, నాకు కుదరదు’ అని తిరిగిచ్చేశాడు. అప్పుడు వెతికాను. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ ‘వాడా’ జాబితాలో అది పోటీలున్నా లేకున్నా నిషేధమే. అది కలిసిన సిరప్‌లు నా అరలోనే మూడు రకాలున్నాయి. అందులో ఒకటి అంతకు వారం ముందే మా అమ్మాయికి మూడు పూటలా పోశాను. నాలుగో రోజున జిల్లా సెలక్షన్స్‌లో పరిగెత్తింది!

టెస్టు లేదు కాబట్టి బతికిపోయాం. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాళ్లదే అంటుంది రూల్. మైనర్లకు శిక్ష తగ్గించే వీలున్నా, రెండేళ్ల నిషేధం పడితే తొమ్మిదో తరగతి పిల్లకి స్కూలు ఆటలు అయిపోయినట్టే. మందులమ్మే నాకే తెలియంది, పొద్దున్నే పనికి పోయే తల్లికెలా తెలుస్తుందండీ?

ఇంకో సంగతి. సెలక్షన్స్ ముందు కొందరు పిల్లలు మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ కోసం వస్తారు. ఆపరేషన్ టైములో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మందు అది. చీటీ ఏదిరా అంటే, ‘సారు తెమ్మన్నారంకుల్’ అంటాడు, ఇంకా మీసాలు కూడా రానివాడు. నేనివ్వను. ఇచ్చే షాపులు లేవని మాత్రం చెప్పలేను. టెస్టు పెడితే ఆ పిల్లాడు దొరుకుతాడు. ఆ సారు? మైనర్‌కి నిషేధిత మందు ఇచ్చిన కోచ్‌కి జీవితకాల నిషేధం దాకా వేయొచ్చని అదే నిబంధనల్లో ఉంది. ఆ ముక్క గ్రౌండ్ గోడ మీద తెలుగులో రాయించండి చాలు, సగం మంది సర్దుకుంటారు.

2022లో యాంటీ డోపింగ్ చట్టం వచ్చింది. 2023లో దేశమంతా తీసిన 5,606 శాంపిళ్లలో 200కు పైగా పాజిటివ్ వచ్చాయి. పెద్దవాళ్ల దగ్గరే ఇలా ఉంటే మా పిల్లల్ని తప్పుపట్టలేం. మన యర్రాజి జ్యోతి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా హర్డిల్స్ స్వర్ణం గెలిచినప్పటి నుంచి మా వీధి ఆడపిల్లలు అయిదింటికే లేస్తున్నారు. వాళ్లకి చెప్పేవాళ్లు కావాలి.

అందుకని ఈ సీజన్ సెలక్షన్స్ లోపు పీఈటీలకు ఒక రోజు క్లాసు పెట్టించండి, తల్లిదండ్రుల్నీ పిలిపించండి. కంపెనీ పేర్లు కాదు, మందు పేర్లు చెప్పించండి. మాలాంటి షాపులకు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల ద్వారా ఒక జాబితా పంపండి, కౌంటర్ దగ్గర అంటిస్తాం. ఆ తర్వాత టెస్టులు పెట్టండి. శాంపిల్ ఇచ్చేటప్పుడు పిల్లల వెంట ఇంటివాళ్లు ఎవరైనా ఉండాలి. ఫలితం తేలకముందే ఆ పేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు.

ఆ మూడు సీసాలూ విడిగా తీసి పెట్టాను. మీ అధికారులు ఎప్పుడొచ్చినా చూపిస్తాను. షాపు రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక తండ్రి