అమ్మకి నచ్చింది గిన్నెలట! మీ అందరికీ బోలెడు థాంక్స్

నిన్న రాత్రి పదకొండు దాటాక నేను లైటు తీసేసి పడుకుంటే పక్క గదిలోంచి అమ్మ "ఏమే, ఆ చేపల పిల్లాడిది ఇంకొక్కటి చూద్దామా" అని పిలిచింది. మూడు వారాల కిందట ఇదే అమ్మ "ఇంక ఏ సీరియలూ వద్దు, టీవీ కట్టెయ్" అని గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యలో జరిగిందంతా మీ పుణ్యమే. విడివిడిగా అందరికీ చెబుదామనుకున్నాను గానీ, మీరు చెప్పిన సీరియళ్ల పేర్లు రాసుకున్న కాగితమే రెండు వైపులా నిండిపోయింది, అందుకే ఇలా అందరికీ కలిపి ఒకేసారి.

అమ్మకి ఏ సీరియల్ చూపించాలి అని అప్పుడు నేను అడిగింది చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ తెనాలి నుంచి హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. రోజంతా మంచం, వ్యాయామాలు, కిటికీ. కాలక్షేపానికి రిప్లై 1988 పెట్టాను, సియోల్‌లో ఒకే వీధిలో ఉండే కుటుంబాల కథ, కొరియన్ సీరియల్. అమ్మకి ఇంగ్లిష్ చదవడం రాదు కాబట్టి నేను పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ చూస్తూ ఒక్కో మాటా తెలుగులో చెప్పాలి, ఏడ్చే సీన్లలో కూడా నేను ఏడవకుండా చెప్పాలి, ఇరవై ఎపిసోడ్లు, దాదాపు అన్నీ గంటన్నర దగ్గరో పైనో ఉండేవే, నా గొంతు సంగతి మీరే ఊహించుకోండి. పిల్లలు వాళ్లమ్మని పిలిచినప్పుడు మాత్రం నాకు పని ఉండదు, ఆ పిలుపు మన "అమ్మా"కి ఎంత దగ్గరో చూసినవాళ్లందరికీ తెలుసు. అది అయిపోయిన రోజు అమ్మ పెద్దగా ఏమీ అనలేదు, "వీధి ఖాళీ అయిపోయిందే" అంది, అంతే. తర్వాత ఏం పెట్టినా నచ్చలేదు. యాప్ తనంతట తాను చూపించినవన్నీ కంపెనీ వారసుడూ పేద పిల్లా బాపతు. "వీడికి ఆఫీసులో పనేం ఉండదా" అని రెండో ఎపిసోడ్‌కే నిద్రపోయేది.

అప్పుడు మిమ్మల్ని అడిగాను, రిప్లై 1988 లాంటిది ఇంకోటి చెప్పండి అని. చాలామంది ప్రేమకథలు చెప్పారు, తప్పు మీది కాదు, నేను అడిగిన తీరే అలా ఉంది. అయితే ఒకరు మాత్రం ఏ పేరూ చెప్పకుండా "మీ అమ్మగారికి అందులో ఏం నచ్చింది?" అని ఎదురు ప్రశ్న వేశారు. నిజం చెప్పాలంటే కాస్త చిరాకేసింది, పేరు చెప్పమంటే ఇంటర్వ్యూ చేస్తారేంటి అని. సరే అడుగుదాం అనుకున్నాను. నాకైతే అందులో హీరోయిన్ దొక్‌సన్ సియోల్ ఒలింపిక్స్‌లో మడగాస్కర్ బోర్డు పట్టుకోవడానికి నెలల తరబడి ప్రాక్టీసు చేస్తే తీరా ఆ దేశమే రాకుండా పోవడం, లేదా చివరికి ఆ అమ్మాయి భర్త ఎవరా అన్న టెన్షన్. అమ్మ కూడా అలాంటిదే ఏదో చెబుతుందనుకున్నా. అమ్మ ఆలోచించను కూడా లేదు. "గిన్నెలు" అంది.

మొదటి ఎపిసోడ్ గుర్తుంది కదా. రాత్రి భోజనాల వేళ. ఒక తల్లి కూర చేసి పక్కింటికి ఇచ్చిరమ్మని పిల్లాడి చేతికి గిన్నె ఇస్తుంది, ఆ ఇంటావిడ ఖాళీ గిన్నె పంపదు, ఇంకేదో వేసి పంపుతుంది, అది ఇంకో ఇంటికి, అక్కణ్నుంచి మరో ఇంటికి, పిల్లలు గిన్నెలు పట్టుకుని సందులో ఒకరికొకరు ఎదురవుతూ తిరుగుతుంటారు, ఇంతకన్నా అందరం ఒకచోటే కూర్చుని తినొచ్చుగా అని విసుక్కుంటారు కూడా. ఆఖరికి ఒక్క కూర వండుకున్న ఇంట్లో బల్ల నిండా కూరలే. అమ్మ ఆ సీను మూడుసార్లు పెట్టించుకుంది. "మేం తెనాలిలో ఇంతే, గోంగూర పచ్చడి వెళ్తే ఆ గిన్నెలో పులిహోర వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడమేంటి, తప్పు కాదూ" అంది. గుడ్డు అట్టు అక్కకీ తమ్ముడికీ వేసి దొక్‌సన్‌కి వెయ్యని సీనులో మాత్రం నోరు విప్పలేదు. అమ్మ కూడా నడిమి పిల్లే.

ఆ గిన్నెల మాట మీకు చెప్పగానే మీరిచ్చే పేర్లే మారిపోయాయి. అప్పటిదాకా ప్రేమకథలు చెప్పినవాళ్లే వంటిళ్లు చెప్పడం మొదలుపెట్టారు.

రిప్లై 1994 చెప్పినవాళ్లకి ముందుగా. సియోల్‌లో హాస్టల్‌లాగా పిల్లల్ని ఉంచుకుని భోజనం పెట్టే ఇల్లు, ఒక్కో ఊరి నుంచి వచ్చిన ఒక్కో విద్యార్థి, ఆ ఇంటావిడ పదిమందికి చాలేది వండమంటే పెళ్లికి సరిపడా వండుతుంది. సుంగ్ దొంగ్ ఇల్, ఈ ఇల్ హ్వా అనే నటులే రిప్లై పేరుతో వచ్చిన మూడు సీరియళ్లలోనూ అమ్మానాన్నలని మీరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే "వీళ్లు ఆ వీధిలోంచి ఖాళీ చేసి వెళ్లారు కదే, ఇక్కడెలా ఉన్నారు" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు. చెప్పినా అమ్మ నమ్మలేదనుకోండి, ఇల్లు మారారనే అంటుంది.

హాస్పిటల్ ప్లేలిస్ట్ మాత్రం మొదట బెడిసికొట్టింది. అదే దర్శకుడు షిన్ వొన్ హో, అదే రచయిత్రి ఈ వూ జంగ్, అని ఊరించి పెట్టాను. "ఆస్పత్రి నుంచి వచ్చినదాన్ని మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్తావేంటి" అని కసిరింది. ఐదుగురు డాక్టర్లూ కలిసి తినే సీన్లు చూడండి అని మీలో ఒకరు పట్టుబట్టకపోతే అక్కడితో ఆగేది. ఆ సాంగ్‌హ్వా డాక్టరమ్మ పళ్లెం ముందు కూర్చుంటే పక్కవాళ్లకి మిగలదు కదా, అంత స్పీడు. అమ్మ పగలబడి నవ్వింది, ఆపరేషన్ తర్వాత అలా నవ్వడం అదే మొదలు, కుట్లు లాగుతున్నాయని తిడుతూ నవ్వింది.

జపాన్ వాళ్ల మిడ్‌నైట్ డైనర్ చెప్పినాయనకి ఒక ప్రత్యేక నమస్కారం, నా గొంతు తరఫున. ఒక్కోటి అరగంట లోపే. అర్ధరాత్రి నుంచి పొద్దున్న ఏడింటిదాకా తెరిచి ఉండే చిన్న హోటలు, మెనూలో ఉండేది ఒక్క భోజనం, కాస్త మందు, మిగతాది ఏదడిగినా సరుకు ఉంటే చేసి పెడతాడు. మాటలు తక్కువ, కాబట్టి నాకు పని తక్కువ. ఒళ్లంతా రౌడీతనం ఉన్న మనిషి వచ్చి చిన్నపిల్లాడిలా ఎర్ర సాసేజీలు అడిగి తింటాడే, అక్కడ అమ్మ "వాళ్లమ్మ పెట్టుంటుంది" అని తేల్చేసింది. కథలో అలా ఉందో లేదో నేను వాదించలేదు.

చైనా వాళ్ల గో అహెడ్ ఇంకా సగంలోనే ఉంది, నలభైకి పైగా ఎపిసోడ్లు మరి. నూడుల్స్ కొట్టు నడుపుకునే తండ్రి తన పిల్లతో పాటు తనవాళ్లు కాని ఇద్దరు మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టి తినిపించడం బాగుంది, పెద్దయ్యాక ప్రేమలు మొదలయ్యేసరికి మాకిద్దరికీ ఊపు తగ్గింది, ఉన్నమాట చెప్తున్నా. కొరియా వాళ్ల మై మిస్టర్ నేనొక్కదాన్నే అమ్మ పడుకున్నాక చూశాను. చాలా గొప్పది, మంచం మీదున్న మనిషికి చూపించేది కాదు.

ఇక చేపల పిల్లాడి దగ్గరికి. వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్, 2025లో వచ్చింది, కొరియాలోని జేజు ద్వీపం కథ, హీరో గ్వాన్‌షిక్ చేపలమ్మే ఇంటి పిల్లాడు, మీలో కనీసం పదిహేనుమంది చెప్పారు. మొదలైన కాసేపటికే అమ్మ లేచి కూర్చుంది, "మన చదరంగం అబ్బాయి కదే వీడు!" అని. చదరంగం కాదమ్మా, నల్లరాళ్లూ తెల్లరాళ్లూ ఉండే వేరే ఆట అది అని రిప్లై 1988 పొడుగునా చెప్పాను, అయినా అందులోని తేక్ మా అమ్మకి చదరంగం అబ్బాయే. అవును, రెండింట్లోనూ అదే నటుడు, పార్క్ బో గమ్. సొంత ఊరివాణ్ని పరాయి ఊళ్లో చూసినంత సంతోషం.

అందులో ఒక సీను ఉంది. పెళ్లయ్యాక ఆ అమ్మాయి అత్తారింట్లో, అంటే గ్వాన్‌షిక్ వాళ్లింట్లో, మగవాళ్లకి ఒక బల్ల, ఆడవాళ్లకి వేరే బల్ల. గ్వాన్‌షిక్ మగవాళ్ల బల్ల దగ్గర కూర్చున్నవాడల్లా ఏమీ మాట్లాడకుండా ఇటు తిరిగి పెళ్లాం వైపు కూర్చుని తింటాడు. అరుపుల్లేవు, ఉపన్యాసం లేదు. నేను తెలుగులో చెప్పడానికి కూడా ఏమీ లేదు అక్కడ. అమ్మ రిమోట్ తీసుకుని ఆపింది. మా నాన్నమ్మ ఇంట్లో పదకొండుమంది తిన్నాక గిన్నెలో మిగిలిందే అమ్మ భోజనం అని నాకు తెలుసు, కానీ అమ్మ నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. మొన్న విన్నాను. చాలాసేపు చెప్పింది. ఏ రోజు ఏ కూర మిగల్లేదో కూడా గుర్తుంది ఆవిడకి.

టాంజరిన్స్ అసలు కొరియన్ పేరు జేజు యాసలో "చాలా కష్టపడ్డారు" అని చెప్పే మాటట, మామూలు కొరియన్ వాళ్ల చెవికి "నిలువునా మోసపోయారు" అన్నట్టు వినిపిస్తుందట. మీకు మాత్రం మొదటి అర్థమే. ముఖ్యంగా ఎదురు ప్రశ్న వేసినవారికి, అప్పుడు చిరాకుపడ్డందుకు సారీ కూడా.

టాంజరిన్స్ ఆఖరి నాలుగు ఎపిసోడ్లు ఒకే రోజు చూడొద్దని ముగ్గురు గట్టిగా చెప్పారు, వింటున్నాం. ఆదివారం తమ్ముడు వస్తాడు, వాడు కూడా పక్కన ఉంటే మంచిదని రెండు అట్టిపెట్టాను. ఆ తర్వాత అవర్ బ్లూస్ అనుకుంటున్నాను, అదీ జేజు కథే, ఇరవై ఎపిసోడ్లు. అమ్మకి ఇది చూపించొచ్చా, లేక మై మిస్టర్‌లాగా నేనొక్కదాన్నే చూడాలా, చూసినవాళ్లు చెప్పండి. ఈసారి ఏం కావాలో ముందే చెప్తున్నా: భోజనం ఉండాలి, వీధి ఉండాలి, కంపెనీ వారసుడు ఉండకూడదు.