రివర్స్ షిఫ్టుకు మార్చుకునే వారికి

రేస్ ట్రాక్ కోసం బైకు గేర్లను రివర్స్ షిఫ్టుకు, అంటే ఒకటో గేరు పైకి, మిగిలినవన్నీ కిందికి పడేలా మార్చుకోవాలనుకునే వారికి ఒక మాట. చాలా స్పోర్ట్ బైకులకు కొత్త సామాను అక్కర్లేదు. గేరు షాఫ్టు మీది చిన్న ఆర్మును విప్పి, 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే సరిపోతుంది. అది ఫ్రేముకో ఫెయిరింగుకో (బైకు పై తొడుగుకో) తగలకుండా చూసుకోండి. క్విక్‌షిఫ్టర్, అంటే క్లచ్ పట్టకుండానే గేరు మార్చనిచ్చే పరికరం, ఉంటే అసలు చిక్కు అక్కడే. లివరును ఆ ఆర్ముకు కలిపే రాడ్డు కదిలే దిశ తారుమారవుతుంది కాబట్టి సెన్సర్ సెట్టింగు, కొన్నింటికి సెన్సరే మార్చాలి.

లాభం ఎడమ మలుపులో తెలుస్తుంది. బైకు వాలి ఉండగా గేరు పెంచడానికి లివరు కింద బూటు దూర్చే పని ఉండదు. రోడ్డు మీద మాత్రం ఇది అనవసరమనే నా అభిప్రాయం. అలవాటు కొద్దీ పై గేరనుకుని కింది గేరు వేస్తే, వేగంలో వెనక చక్రం పట్టేయవచ్చు. బండి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు తాళంతో పాటు ఈ సంగతీ చెప్పండి.