వ్యామ్ పొడి కొనే ముందు రేగడి నేలను పరీక్షించండి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పంట వేళ్లలో ఉంటూ నేలలోని భాస్వరాన్ని, జింకును మొక్కకు అందించే మైకోరైజా శిలీంధ్రాల మీద మన రాష్ట్రం విదేశీ సంస్థలతో కలిసి దీర్ఘకాలిక పరిశోధన చేపట్టాలనీ, అది కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల రేగడి నేలల్లో రబీ శనగతో మొదలు కావాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. వ్యామ్ పేరుతో ఈ శిలీంధ్రాల పొడి ఎరువుల దుకాణాల్లో ఇప్పటికే దొరుకుతోంది. అది ఏ నేలలో పనిచేస్తుందో, ఏ నేలలో పనిచేయదో తేల్చకుండా ప్రభుత్వ డబ్బుతో పంచడం మొదలుపెడితే ఆ ఖర్చుకు లెక్క చెప్పగలిగేవారు ఉండరు.

భాస్వరం నేలలో ఉన్నంత మాత్రాన పైరుకు అందదు. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దాన్ని పట్టి ఉంచుతాయి. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగళ్లలో కాల్షియం బంధిస్తుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని లాగేసుకున్నాక ఆ చోటు మళ్లీ నిండడానికి చాలా కాలం పడుతుంది. తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండే శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పాకి, అక్కడి భాస్వరాన్ని తెచ్చి వేరు కణాల లోపల అప్పగించి, బదులుగా మొక్క తయారుచేసుకున్న చక్కెరలను, కొవ్వులను తీసుకుంటాయి. స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనే ఈ పొత్తుకు ఆనవాళ్లు ఉన్నాయి. మన పంటల్లో శనగ, కంది, వేరుశనగ, జొన్న, కొర్ర, రాగి, మొక్కజొన్న, మిరప, ఉల్లి దీని మీద ఎంతో కొంత ఆధారపడేవే. ఆవాలు, క్యాబేజీ కుటుంబానికి ఈ పొత్తు లేదు. నీరు నిలిచిన వరి మడిలోనూ ఇది బాగా తగ్గిపోతుంది.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పప్పు పంటల వేళ్ల బొడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని తెచ్చి ఇస్తుంది. ఈ శిలీంధ్రం భాస్వరాన్ని ఎక్కడినుంచీ కొత్తగా తేలేదు, నేలలో ఉన్నదాన్నే తవ్వి ఇస్తుంది. కాబట్టి వ్యామ్ వేస్తే డీఏపీ వంటి భాస్వరపు ఎరువు అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు. ఏళ్ల తరబడి వేసిన డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ నేలలో పేరుకుని పైరుకు అందకుండా పడి ఉన్నచోట మాత్రం, ఆ నిల్వను వాడుకోగలిగితే భాస్వరపు ఎరువుల కోసం మొరాకో, జోర్డాన్, సౌదీ అరేబియాల వైపు చూసే అవసరం కొంతైనా తగ్గుతుంది. నేలలో అందుబాటులో ఉన్న భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కే ఈ పొత్తును తగ్గించుకుంటుందన్న సంగతి కూడా మరవకూడదు.

మనకు పనికొచ్చే పాఠం నా దృష్టిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వస్తుంది. అక్కడి డార్లింగ్ డౌన్స్ ప్రాంతపు నేలలు మన రేగళ్ల వంటివే. ఎండితే నెర్రెలు విచ్చుతాయి, తడిస్తే ఉబ్బుతాయి. నేలలో తేమ నిల్వ చేయడానికి అక్కడి రైతులు పొలాన్ని ఏడాదికి పైగా కలుపు మొక్క కూడా లేకుండా బీడు ఉంచేవారు. తేమ బాగా నిలిచేది, కానీ తర్వాత వేసిన పైరు గిడసబారిపోయి భాస్వరం, జింకు లోపాలు చూపేది. ఇంత తేమ ఉండి పైరు ఎందుకు ఎదగడం లేదో చాలాకాలం అంతుపట్టలేదు. బతికున్న వేరు లేక నేలలోని మైకోరైజా క్షీణించడమే ఇందుకు ప్రధాన కారణమని జాన్ థాంప్సన్ అనే శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఈ శిలీంధ్రానికి సొంతంగా బతుకు లేదు. వేరు లేని నేలలో దాని బీజకణాలు, పోగుల ముక్కలు నెలనెలా తగ్గుతూ పోతాయి.

మన శనగ పొలాల సంగతి చూడండి. రేగడిలో వానాకాలం అరక సాగడం కష్టం కనుక చాలామంది రైతులు ఖరీఫ్‌లో పొలాన్ని ఖాళీగా వదిలి, దున్ని కలుపు లేకుండా ఉంచి, అక్టోబరు, నవంబరులలో నిల్వ ఉన్న తేమ మీద శనగ విత్తుతారు. శనగ కోసింది మొదలు మళ్లీ విత్తే దాకా ఆ నేల దాదాపు ఎనిమిది నెలలు వేరు ఎరుగదు. క్వీన్స్‌లాండ్ బీడు ఇంకా దీర్ఘమైనది కాబట్టి అక్కడి ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. మన ఎండాకాలపు వేడి వేరు, మన శనగ రకాలు వేరు. కానీ అడగవలసిన ప్రశ్న మాత్రం అదే: ఎనిమిది నెలల బీడు తర్వాత మన రేగడిలో ఎంత మైకోరైజా మిగులుతోంది? శనగకు విత్తేటప్పుడు అలవాటుగా వేసే డీఏపీ బస్తాలో ఎంత భాగం ఆ లోటును పూడ్చడానికే పోతోంది?

దీనికి సమాధానం వెతకడానికి నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కంటే అనువైన చోటు లేదు. నంద్యాల శనగ రకాలు, సూర్యనంది కొర్ర అక్కడినుంచి వచ్చినవే. ఖరీఫ్‌లో కొర్ర, రబీలో శనగ అన్న వరుస ఆ ప్రాంతానికి తెలిసినదే. వానలకు ముందే నవధాన్యాలు చల్లే పద్ధతిని ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఊరూరా తీసుకువెళ్లింది. ఇవన్నీ నేలలో వేరును బతికించి ఉంచేవే. అంటే ప్యాకెట్టు కొనకుండానే స్థానిక శిలీంధ్రాన్ని నిలబెట్టుకునే దారి రైతు చేతిలో ఇప్పటికే ఉండి ఉండవచ్చు. ఖాళీ ఉంచిన పొలం, కొర్ర వేసిన పొలం, నవధాన్యాలు చల్లిన పొలం, వ్యామ్ పొడి వేసిన పొలం, వీటన్నిటిలోనూ భాస్వరపు మోతాదులు మార్చి మార్చి శనగ పండించి, వేళ్లను, నేలను, దిగుబడిని కనీసం ఐదేళ్లు వరుసగా కొలిస్తే తప్ప ఏది ఎంత అన్నది తేలదు. ఒక్క ఏడాది వానను చూసి తీర్పు చెప్పే ప్రయోగాలు మనకు చాలానే ఉన్నాయి.

పొడి మీద నేను ఇంత జాగ్రత్త చూపడానికి కారణాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్ పరిశోధకులు 54 మొక్కజొన్న పొలాల్లో మైకోరైజా వేసి చూసి 2023లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని పొలాల్లో ఎదుగుదల 40 శాతం దాకా పెరిగింది, కొన్నింటిలో 12 శాతం దాకా తగ్గింది. ఎక్కడ పెరుగుతుందో ముందే చెప్పడానికి నేలలోని పోషకాల కంటే అక్కడ ఉన్న హానికర శిలీంధ్రాల లెక్కే ఎక్కువ ఉపయోగపడింది. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియా, యూరప్, ఉత్తర అమెరికాలలో దొరికే వాణిజ్య ఉత్పత్తులను పరీక్షించిన మరో బృందానికి, వాటిలో అత్యధిక భాగం శుద్ధి చేసిన మట్టిలో సైతం వేరును పట్టుకోలేకపోయినట్టు కనిపించింది. ధనిక దేశాల్లో పరిస్థితి ఇదైతే, మన గోదాముల్లో ఎండాకాలం గడిపిన ప్యాకెట్టులో ఏం మిగిలి ఉంటుందో మీరే ఊహించండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో మైకోరైజా జీవన ఎరువులకు ప్రమాణాలు ఉన్నమాట నిజమే, కానీ ఆ ప్రమాణం దుకాణం చేరాక కూడా నిలిచి ఉందా అన్నది చూసేవారు కావాలి.

అసలు రైతులకు ఈ శిలీంధ్రాల గురించి అంత పట్టింపు అక్కర్లేదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. మేగన్ రయన్, జేమ్స్ గ్రాహం 2018లో రాసిన సమీక్ష, పైర్ల నిర్వహణలో మైకోరైజాను లెక్కలోకి తీసుకోవాలనడానికి పొలం స్థాయి ఆధారాలు చాలా స్వల్పమని చెప్పింది. దానికి జవాబులూ వచ్చాయి, వాదన ఇంకా ముగియలేదు. ఈ పరిశోధనను నడిపించడానికి మీరు ఏర్పాటు చేసే సంఘంలో ఆ వైపు మాట్లాడేవారు ఒకరైనా ఉండాలని నా మనవి. అందరూ ముందే ఒప్పుకున్న సంఘం చేసే పరిశోధన ప్రచారంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు.

అంతర్జాతీయ సహకారం మన దేశానికి కొత్తేమీ కాదు. 1974లో మొదలైన భారత్, స్విస్ బయోటెక్నాలజీ సహకార కార్యక్రమం కింద బాసెల్ విశ్వవిద్యాలయం, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తదితర సంస్థలు కంది, రాగి కలిపి వేసి మైకోరైజా, మేలు చేసే బ్యాక్టీరియాల ప్రభావాన్ని బెంగళూరులోనూ, తమిళనాడులోని కొల్లి కొండల్లోనూ పరీక్షించాయి. లోతుకు పోయే కంది వేరు రాత్రివేళ అడుగు తేమను పైపొరల్లోకి తెస్తుంది. అందులో కొంత శిలీంధ్రపు పోగుల ద్వారా పక్క సాలులోని రాగికి చేరుతుందా అన్నది వారి ప్రశ్నల్లో ఒకటి. 2020లో వెలువడిన ఫలితాల్లో ఎరువు తగ్గించినా దిగుబడి పెరిగిన సందర్భాలున్నాయి, రెండు చోట్లా ఒకే తీరున మాత్రం కాదు. కందీ రాగీ చిత్తూరు జిల్లా మెట్టకు తెలియని పంటలు కావు. బెంగళూరు అక్కడికి కొద్ది గంటల దారి. అయినా ఆ పని సరిహద్దు దాటి మన వైపు రాలేదంటే అడిగేవారు లేకనే అని నాకనిపిస్తుంది. ఇక పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సజ్జ రకాలన్నీ ఈ శిలీంధ్రంతో ఒకేలా పొత్తు కుదుర్చుకోవని 1985లోనే ప్రచురించారు. అదే ప్రశ్నను మన శనగ, వేరుశనగ రకాలకు వేయాలంటే ఇక్రిశాట్ విత్తన భాండాగారం అందుబాటులోనే ఉంది.

సహకారం అంటే విదేశీ శిలీంధ్రాన్ని తెచ్చి మన పొలాల్లో చల్లడం కాకూడదు. ఒకసారి నేలలో స్థిరపడిన శిలీంధ్రాన్ని వెనక్కి తీయడం అసాధ్యం. మన రేగడిలో, మన ఎర్ర నేలల్లో ఉన్న స్థానిక జాతులను వేరుచేసి, గుర్తించి, భద్రపరచడం ముందు జరగాలి. ఢిల్లీలోని టెరీ సంస్థకు 1993 నుంచి మైకోరైజా భాండాగారం ఉంది. అమెరికాలో 1985లో మొదలైన ఇన్వామ్ భాండాగారం ఉంది. వీరి అనుభవంతో మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఒక భాండాగారం పెట్టుకోవచ్చు. థార్ ఎడారి మట్టిలో దొరికి, 1998లో పిరిఫార్మోస్పోరా ఇండికా అన్న పేరుతో లోకానికి పరిచయమైన వేళ్లలో ఉండే మరో శిలీంధ్రం తర్వాత జర్మన్ ప్రయోగశాలల్లో బార్లీకి ఉప్పును, తెగుళ్లను తట్టుకునే శక్తినిస్తుందని తేలింది. ఆ పరిశోధనలో మన శాస్త్రవేత్తలు భాగస్వాములుగా ఉండటం సంతోషం. రేపు నంద్యాల మట్టిలోంచి అలాంటిది బయటపడితే దాని నమూనా, దాని జన్యు సమాచారం, దానివల్ల వచ్చే లాభం ఎవరికి ఎంత చెందుతాయో ఒప్పందంలో ముందే రాసుకోవాలి. జీవ వైవిధ్య చట్టం 2002లోని అయిదో సెక్షన్ ప్రభుత్వ ఆమోదం ఉన్న ఉమ్మడి పరిశోధనలకు దారి ఇస్తోంది. జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు 2012లో హైదరాబాద్‌లో జరిగినప్పుడు మనం ప్రపంచానికి చెప్పిన మాటలు కూడా ఇవే.

ఖర్చు గురించి ఆందోళన అక్కర్లేదు. వేరులో శిలీంధ్రం ఉందో లేదో చూడడానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. వేళ్లను క్షారంలో ఉడికించి, మామూలు రాత సిరా, వెనిగర్ కలిపిన ద్రావణంలో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూసే పద్ధతి 1998లోనే ప్రచురితమైంది. కొద్దిపాటి శిక్షణ ఇస్తే జిల్లా భూసార పరీక్షా కేంద్రాల సిబ్బంది ఆ పని చేయగలరు. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి, నేలలోని జీవానికి సంబంధించినది నేరుగా ఒక్కటీ లేదు. ప్రయోగం జరిగే మండలాల్లోనైనా ఈ వేరు పరీక్షను పదమూడో అంశంగా చేర్చి చూడవచ్చు. అదే కేంద్రాలు రైతు సేవా కేంద్రాలకు వచ్చే వ్యామ్ పొడి నమూనాలను జొన్న మొలకల మీద పరీక్షించి, ఏ బ్యాచ్ వేరును పట్టుకుందో, ఏది పట్టుకోలేదో కంపెనీల పేర్లతో సహా ప్రకటించాలి. ఆ పరీక్ష గట్టెక్కని సరుకుకు సబ్సిడీ ఇవ్వకూడదు.

మీరు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, ఇక్రిశాట్‌కు, క్వీన్స్‌లాండ్, స్విట్జర్లాండ్ పరిశోధకులకు కలిపి ఒక ప్రతిపాదన పంపమని ఆహ్వానం రాయాలనీ, సేకరించే సమాచారమంతా తెలుగులోనూ రైతులకు అందాలన్న షరతు అందులో ఉండాలనీ కోరుతున్నాను. ఖరీఫ్‌లో కొర్ర వేయాలంటే జూన్ నాటికి పొలాలు ఎంపిక కావాలి, శనగ కోత అవగానే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదటి మట్టి నమూనాలు తీయాలి. ఆ నమూనాలు తీయకుండా ప్రయోగం మొదలుపెడితే బీడు కాలంలో ఎంత నష్టమైందో కొలవడానికి ఆధారం ఉండదు కాబట్టి, రాబోయే బడ్జెట్‌లోనే దీనికి నిధులు కేటాయించవలసిందిగా మనవి.

భవదీయుడు,
నేల శాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన ఒక అధ్యాపకుడు
నంద్యాల