పోలీసు జీపు కంటే ముందు ఒక మాట పంపండి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

అయ్యా,

మాది పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇళ్ళలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా.

ఆ రాత్రి మా తమ్ముడు గదిలో గడియ పెట్టుకున్నాడు. మూడు రోజులుగా నిద్ర లేదు. ఎవరో చంపడానికి వస్తున్నారని మంచాన్ని తలుపుకి అడ్డంగా లాగాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే. అత్యవసర నంబరుకి ఫోన్ చేసి, "గుంటడు తలుపు తియ్యట్లేదు బాబూ, బెదిరిపోతన్నాడు" అంది. అటు మాట ఒడియా. రెండుసార్లూ లైను తెగిపోయింది. అప్పుడు కాశీనగరంలో ఉన్న నాకు చేసింది. నేను ఒడియాలో చెప్పాను. అడిగినవి రెండే: కొడుతున్నాడా? చేతిలో ఏమైనా ఉందా? లేదన్నాను. అయినా వచ్చింది పోలీసు జీపే.

జీపు దీపం గోడ మీద తిరుగుతుంటే, వాళ్ళు వచ్చేశారని వాడు అరిచిన అరుపు ఫోన్లో నాకు వినబడింది. ఆ పూట మమ్మల్ని కాచినవాడు ఒక కానిస్టేబులు. టోపీ తీసి పక్కన పెట్టి, గుమ్మంలో చతికిలబడి, "తమ్ముడూ, అన్నం తిన్నావేటి?" అని అడిగాడట. అరగంట అలాగే మాట్లాడాడు. తలుపు తెరుచుకుంది.

తెల్లారేసరికి వీధంతా "పోలీసులు పట్టుకుపోయారు" అన్న మాటే. మందులతో వాడు తేరుకున్నాడు. ఆ మాట మాత్రం పోలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షను ఏమంటోంది? ఒంటికి జబ్బు చేస్తే అంబులెన్సు ఎలా వస్తుందో, మనసుకి చేసినా అలాగే రావాలంటోంది. 94వ సెక్షను కింద రిజిస్టరైన డాక్టరెవరైనా అత్యవసర వైద్యం మొదలుపెట్టవచ్చు, 72 గంటల వరకు. ఆసుపత్రికి తరలించడం కూడా అందులో భాగమే. మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. దాని నంబరు 14416, తెలుగులోనూ పలుకుతుంది. బండి 108 దగ్గర ఉంది, మాట 14416 దగ్గర ఉంది. రెంటినీ కలిపించండి. ఇలాంటి ఫోన్ అత్యవసర నంబరు 112కి వచ్చినా, 108కి వచ్చినా వెంటనే 14416ని లైనులోకి తేవాలి, అంబులెన్సు గుమ్మం చేరేదాకా 14416లో మాట్లాడే మనిషి ఫోన్ పెట్టెయ్యకూడదు. పోలీసులు తప్పనిసరైతే వెనకాల రావాలి, దీపం, సైరను ఆపి.

ఫోన్ ఎత్తేవాళ్ళకి ఇంకో మూడు ప్రశ్నలు నేర్పించండి. నిద్రపోయి ఎన్నాళ్ళయింది? వాడే మందులు ఆపేశాడా? ఇంట్లో ఎవరి మాట వింటాడు? మా ఇంట్లో ఆ చివరిదానికి జవాబు మా చిన్నాన్న. రెండు వీధుల అవతలే ఉంటాడు. ఆ కంగారులో మాకే తోచలేదు. అడిగి ఉంటే పరుగున వచ్చేవాడు.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చే ఫోన్లకి రాత్రి షిఫ్టులో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి.

అమ్మ 14416ని తలుపు పక్కన గోడ మీద సుద్దతో రాసుకుంది. జీపు రావడానికి ముందు వాళ్ళు తనతో మాట్లాడతారా అని అడుగుతోంది. మీ జవాబు కోసం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక అక్క,
గజపతి జిల్లా