పురుగు పేరు, మొక్క పేరు తేల్చే పిల్లలకి హైదరాబాద్‌లో ఒక ఫండ్ పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను సిటీలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, చాలా ఏళ్లుగా ఇదే పని. మిర్చి రైతుల మీద మీ పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా ఒక విషయం రాయాలనిపిస్తుంది, ఎందుకంటే మందుల ధరల గురించి, నకిలీ విత్తనాల గురించి, నష్టపరిహారం గురించి అందరూ మాట్లాడతారు గానీ అసలు ఆ పురుగు ఏదో తేల్చే మనుషులు మన దగ్గర ఎంతమంది ఉన్నారు, వాళ్ల తర్వాత ఎవరు చేస్తారు అని మాత్రం ఎవరూ అడగట్లేదు.

2021 చివర్లో ఏం జరిగిందో గుర్తుందా? ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు, అటు గుంటూరు వైపు కూడా నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలు నాశనం చేసింది. మన రైతులకి తామర పురుగు కొత్తేం కాదు, పై ముడత కనిపిస్తే ఏం కొట్టాలో వాళ్లకి తెలుసు, కానీ ఇది పూలల్లో గుంపులు గుంపులుగా చేరింది, పూత రాలిపోయింది, అలవాటైన మందులు ఎన్నిసార్లు కొట్టినా ఆగలేదు, చివరికి చాలామంది తోటలే పీకేశారు. అది మనకి మామూలుగా వచ్చే సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ కాదు, థ్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే జాతి. బాధ ఎక్కడంటే, ఆ జాతి ఇండియాలోకి వచ్చిందని 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద చూసి రికార్డ్ చేశారు. అంటే మన తోటల్లో పడటానికి ఆరేళ్ల ముందే దాని పేరు సైంటిఫిక్ పేపర్లో ఉంది. ఆ పేరు తెలిసిన మనిషి, పూవు దులిపి చూసి ఇది పాతది కాదు అని అనుమానపడే మనిషి జిల్లాకి ఒక్కరైనా ఉంటే కొన్ని వారాల ముందే తెలిసేది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పని ఎలా ఉంటుందో చదివేవాళ్లకి కొంచెం చెప్పాలి, చాలామంది బొమ్మ చూసి పేరు చెప్పడమే అనుకుంటారు. తామర పురుగు మహా అయితే ఒక మిల్లీమీటరు ఉంటుంది. పూవుని తెల్ల కాగితం మీద దులిపి, తడి బ్రష్ కొనతో ఒక్కోదాన్ని ఎత్తి ఆల్కహాల్ సీసాలో వేస్తాం, తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పెట్టి లోపలి కండ కరిగించి, మళ్లీ మెల్లగా ఆల్కహాల్ బలం పెంచుకుంటూ నీళ్లు తీసేసి, కెనడా బాల్సమ్ అనే జిగురు చుక్కలో రెక్కలు, కాళ్లు విడదీసి పరచాలి, పైన కవర్ స్లిప్ వేసేటప్పుడు చెయ్యి వణికిందంటే యాంటెన్నా విరిగిపోతుంది, పని మళ్లీ మొదటికి. స్లైడ్ ఆరడానికే వారాలు పడుతుంది. అప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టి యాంటెన్నాలో ఎన్ని ముక్కలున్నాయి (డోర్సాలిస్‌కి ఎనిమిది, పార్విస్పైనస్‌కి ఏడు), తల మీద వెంట్రుకలు ఎక్కడున్నాయి, రెక్క మీద వెంట్రుకల వరస మధ్యలో తెగిందా లేదా అని చూసుకుంటూ పోవాలి. ఇది పుస్తకం చదివితే రాదు, వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నెలలకి నెలలు చేస్తేనే వస్తుంది. ఆ పక్కన కూర్చునే కాలానికి పిల్లలకి ఎవరు డబ్బులిస్తారు అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు డిఎన్‌ఏ ఉంది కదా సార్, మెషీన్‌లో పెడితే పేరు వచ్చేస్తది కదా అని పిల్లలే అడుగుతారు. బార్‌కోడింగ్, అంటే డిఎన్‌ఏలో చిన్న ముక్క చదివి జాతిని పోల్చడం, మంచిదే, నేను వద్దనట్లేదు. కానీ మెషీన్ ఇచ్చేది అక్షరాల వరస మాత్రమే, దాన్ని పోల్చి చూడటానికి లైబ్రరీలో ముందే ఎవరో ఒకరు సరిగ్గా గుర్తుపట్టి, ఆ స్పెసిమెన్ (నమూనా) దాచిపెట్టి, పేరు రాసి ఉండాలి. అక్కడ తప్పు పేరు ఉంటే తప్పే తిరిగొస్తుంది, అసలు ఎంట్రీయే లేకపోతే ఏమీ రాదు.

బొప్పాయి సంగతి చూడండి, అదెంత బాగా జరిగిందో. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడింది. అది పారాకోకస్ మార్జినేటస్ అని గట్టిగా తేలింది కాబట్టే దాని సహజ శత్రువు ఏ పరాన్నజీవి కందిరీగో తెలిసింది, 2010లో ప్యూర్టోరికో నుంచి ఆ చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలారు, పిండినల్లి అదుపులోకి వచ్చింది. పేరు తప్పు పడి ఉంటే తెచ్చే కందిరీగ కూడా తప్పే అయ్యేది. అసలు మన ఊళ్లోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది, బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనం స్కూల్ నుంచీ చదువుకుంటాం, కానీ అంతకుముందు రెండేళ్లు ఆయన వేరే రకం దోమల్ని కోసి కోసి ఏమీ దొరక్క విసిగిపోయాడు. చివరికి దొరికిన దోమకి శాస్త్రీయ నామం తెలియక రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు. అది అనాఫిలిస్.

మరి ఇంత అవసరమైన పనిలోకి పిల్లలు ఎందుకు రావట్లేదు? రాకపోవడం కాదు, వచ్చినవాళ్లు నిలబడలేకపోతున్నారు. సాలీళ్లంటే ప్రాణం పెట్టే స్టూడెంట్ ఒకడు నా దగ్గర చదివాడు, ఎక్కడికి ఫీల్డ్ ట్రిప్ వెళ్లినా బెరడు సందుల్లో టార్చ్ వేసి చూస్తుండేవాడు. గుత్తి సాలీడు గురించి వాడే నాకు ఎక్కువ చెప్పాడు, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క స్పెసిమెన్‌తో, ఆ తర్వాత వందేళ్లకి 2001లో గానీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించలేదు. ఇంత అందమైన నీలం సాలీడు మన తూర్పు కనుమలది, ఆ అడవుల్లో ఇంకా పేరు పెట్టనివి ఎన్నున్నాయో. వాడికి పీహెచ్‌డీ చేయాలని ఉండేది, ఇంటి పరిస్థితి చూసుకుని ఇప్పుడు ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చేస్తున్నాడు. వాడిని నేను ఏమీ అనలేను.

పరిశోధన చేసే పిల్లలకి ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు (2023 జనవరి నుంచి), అది మంచి డబ్బే. కానీ దానికి రాయాల్సిన సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో ఉన్న 13 యూనిట్లలో జీవుల వైవిధ్యం ఒక్కటంటే ఒక్క యూనిట్, కాబట్టి పురుగుల్ని బాగా గుర్తుపట్టే పిల్లాడికన్నా మాలిక్యులర్ బయాలజీ కోచింగ్ తీసుకున్న పిల్లాడికే ర్యాంక్ వస్తుంది. ర్యాంక్ వచ్చినా గైడ్ దొరకాలి, చాలాచోట్ల ఈ సబ్జెక్ట్ చెప్పే ప్రొఫెసర్ రిటైరైతే ఆ పోస్టులోకి బయోటెక్నాలజీ వాళ్లు వస్తున్నారు. పీహెచ్‌డీ అయ్యాక ఇంటర్వ్యూలో పేపర్ వేసిన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అడుగుతారు, అంటే ఆ జర్నల్ పేపర్లని మొదటి రెండేళ్లలో వేరేవాళ్లు తమ పేపర్లలో ఎంతగా ప్రస్తావించారు (సైట్ చేశారు) అనే లెక్క. కొత్త జాతిని వర్ణించిన పేపర్ యాభై ఏళ్ల తర్వాత కూడా తెరిచి చూస్తారు, కానీ మొదటి రెండేళ్లలో దాన్ని ఎవరు సైట్ చేస్తారు చెప్పండి? ఆ లెక్కలో ఈ పిల్లలు ఎప్పుడూ వెనకే ఉంటారు. జంతు వర్గీకరణలో ప్రపంచంలోనే పెద్ద జర్నల్ జూటాక్సాని 2020లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లిస్టు నుంచే తీసేశారు, శాస్త్రవేత్తలందరూ గొడవ చేస్తే మళ్లీ పెట్టారు. ఆ కొన్ని వారాలు ఈ ఫీల్డ్‌లో కుర్రాళ్లు ఎంత భయపడ్డారో బయటివాళ్లకి తెలియదు.

ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని అనను. కేంద్ర పర్యావరణ శాఖ 1990ల చివర్లో ఐకాప్‌టాక్స్ అని ఆల్ ఇండియా ప్రాజెక్టు పెట్టి ఒక్కో జీవుల గుంపుని ఒక్కో సెంటర్‌కి అప్పగించి స్కాలర్స్‌ని తయారుచేసింది, ఇప్పుడు పెద్ద పేర్లుగా ఉన్నవాళ్లలో కొందరు ఆ డబ్బుతో పైకి వచ్చినవాళ్లే. జానకీ అమ్మాళ్ పేరుతో నేషనల్ అవార్డు ఉంది. 2017లో గ్రీన్ స్కిల్ ప్రోగ్రామ్ కింద బొటానికల్ సర్వే, జువలాజికల్ సర్వే పారా టాక్సానమిస్ట్ కోర్సులు, అంటే జీవుల్ని గుర్తించి వర్గీకరించే పనిలో (టాక్సానమీ) సాయం చేసేవాళ్లకి కోర్సులు, పెట్టాయి. 2024 జూన్‌లో జువలాజికల్ సర్వే మన దేశ జంతువుల చెక్‌లిస్ట్ పోర్టల్ తెచ్చింది, 1,04,561 జాతులు, అంత పెద్ద పని చేసినవాళ్లకి నిజంగా దండం పెట్టాలి. కానీ అవార్డు జీవితమంతా పనిచేసినవాళ్లకి వస్తుంది, చిన్న కోర్సు మొదటి మెట్టు వరకే తీసుకెళ్తుంది. ఆ రెంటికీ మధ్య, ఇరవై అయిదు నుంచి ముప్పై అయిదేళ్ల వయసులో ఉన్నవాళ్లకి ఏముంది? స్వీడన్ 2002లో తన దేశంలోని బహుకణ జీవులన్నిటినీ గుర్తించి రాయించే కార్యక్రమం మొదలుపెట్టి దానికి ప్రత్యేకంగా డబ్బులిచ్చింది. అమెరికాలో 1990ల మధ్యలో పీట్ అని ఒక స్కీమ్ పెట్టి, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ నిపుణుల పని కుర్రాళ్లకి అందేలా చూశారు. బ్రెజిల్ కూడా ప్రోటాక్స్ అని ఇలాంటిదే పెట్టింది. మనకన్నా జీవవైవిధ్యం ఎంతో తక్కువున్న స్వీడన్ చేయగలిగితే మనం చేయలేమా?

పైగా ఇలాంటి మనుషుల్ని తయారుచేసుకుంటామని దేశాలన్నీ మాట ఇచ్చింది హైదరాబాద్‌లోనే. 2012 అక్టోబర్‌లో హెచ్‌ఐసీసీలో జీవవైవిధ్య సదస్సు, కాప్ 11 జరిగింది కదా, గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ పార్కు, ఇప్పుడు అందరూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే బయోడైవర్సిటీ జంక్షన్, ఆ పేర్లన్నీ దాని గుర్తులే. ఆ సదస్సులోనే గ్లోబల్ టాక్సానమీ ఇనిషియేటివ్‌కి సామర్థ్యం పెంచే వ్యూహాన్ని దేశాలన్నీ కలిసి ఆమోదించాయి, 2020 నాటికల్లా మనుషుల్ని, మ్యూజియంలని, హెర్బేరియంలని (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట్లు) తయారుచేసుకోవాలని. 2020 వచ్చింది, వెళ్లిపోయింది. జంక్షన్ పేరు అందరికీ తెలుసు, ఆ తీర్మానం సంగతి మాత్రం నా క్లాసులో చెప్తే పిల్లలు ఆశ్చర్యపోతారు.

మన సిటీకి ఏం తక్కువ? అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే మంచినీటి జీవుల సెంటర్ ఉంది, అక్కడే సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ అనే వన్యప్రాణుల ల్యాబ్ ఉంది, బొటానికల్ సర్వే దక్కన్ రీజినల్ సెంటర్ ఉంది, ఉస్మానియా బోటనీలో హెర్బేరియం ఉంది, రాజేంద్రనగర్‌లో నిఫమ్ (మొక్కల ఆరోగ్య సంస్థ), వ్యవసాయ యూనివర్సిటీ, పటాన్‌చెరులో ఇక్రిశాట్. అన్నీ ఓఆర్‌ఆర్ లోపలో అంచునో ఉన్నాయి. వీటిని కలిపి తెలంగాణ ప్రభుత్వం ఏడాదికి కొద్దిమందికైనా మూడేళ్ల ఫెలోషిప్ ఇవ్వాలి, నెట్ ర్యాంక్ చూసి కాదు, స్లైడ్ చేసి చూపించమని, వంద మొక్కలు ముందు పెట్టి గుర్తుపట్టమని పరీక్ష పెట్టి తీసుకోవాలి. ఒక్కొక్కరు ఒక్క గుంపు పట్టుకోవాలి, ఒకరు తామర పురుగులు, ఒకరు నల్లులు, ఒకరు గడ్డిజాతులు, ఒకరు మంచినీటి నత్తలు. సగం కాలం సర్వే సైంటిస్ట్ దగ్గర, సగం కాలం జిల్లాల్లో. రిటైరైన నిపుణులకి గౌరవ వేతనం ఇచ్చి వీళ్ల పక్కన కూర్చోబెట్టాలి, ఇది చాలా తొందరగా జరగాలి, ఎందుకంటే వాళ్ల తలలో ఉన్నదంతా ఏ పుస్తకంలోనూ లేదు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో బయోడైవర్సిటీ రిజిస్టర్ ఉండాలి, ఆ రిజిస్టర్లలో పేర్లు సరిచూసే పని వీళ్లకే ఇస్తే ఉద్యోగం కూడా దొరికినట్టే.

అంతవరకూ ఆగలేని పిల్లల కోసం బయట ఉన్నవి కొన్ని చెప్తాను, చాలామందికి తెలియవు. లండన్ లిన్నియన్ సొసైటీ, సిస్టమాటిక్స్ అసోసియేషన్ కలిసి ఇచ్చే సిస్టమాటిక్స్ రీసెర్చ్ ఫండ్‌కి ఏ దేశం వాళ్లయినా అప్లై చేయొచ్చు. మొక్కల వాళ్లకి ఐఏపీటీ అనే అంతర్జాతీయ సంఘం చిన్న గ్రాంట్లు ఇస్తుంది. హార్వర్డ్ మ్యూజియం వాళ్ల ఎర్నెస్ట్ మేయర్ ట్రావెల్ గ్రాంట్ జంతు వర్గీకరణ వాళ్లు మ్యూజియంలకి వెళ్లి టైప్ స్పెసిమెన్లు (జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనాలు) చూసుకోవడానికే, మన జాతుల టైపులు చాలా వరకు లండన్‌లో ఉన్నాయి కాబట్టి మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. అంతరించిపోయే జాతుల మీద పని అయితే రఫర్డ్ ఫౌండేషన్, మొహమ్మద్ బిన్ జాయెద్ ఫండ్ ఉన్నాయి. ఇవన్నీ చిన్న మొత్తాలే, జీతం ఇవ్వవు, ఫీల్డ్ ఖర్చో ప్రయాణ ఖర్చో వస్తుంది. కానీ మొదటి గ్రాంట్ ఒక్కటి వచ్చిందంటే రెండోది అడగడానికి ధైర్యం వస్తుంది. అప్లికేషన్‌లో పెద్ద పెద్ద మాటలు వద్దు, ఏ గుంపు, ఏ అడవి, ఎన్ని నెలలు, ఫారెస్ట్ పర్మిషన్ ఉందా, స్పెసిమెన్లు చివరికి ఏ రిపాజిటరీలో (నమూనాలు దాచే సంస్థలో) పెడతారు, ఇవి స్పష్టంగా రాయండి. పర్మిషన్ కాగితాలకే నెలలు పడుతుంది కాబట్టి ముందు దానికి అప్లై చేసుకోండి, ఆ తర్వాతే గ్రాంట్ సంగతి. ఇంగ్లిష్ గురించి భయపడే తెలుగు మీడియం పిల్లలుంటే వాళ్ల లెక్చరర్లు కూర్చుని సరిచేయాలి, అది మా బాధ్యత, నేను నా కాలేజీలో చేస్తున్నాను, వేరే కాలేజీ వాళ్లు వచ్చినా చేస్తాను.

ఎడిటర్ గారూ, మీ పేపర్లో వారానికోసారి కెరీర్ పేజీ వస్తుంది, అందులో బ్యాంకు ఉద్యోగాలు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ కోర్సులు ఉంటాయి. ఈ గ్రాంట్ల చివరి తేదీలు, సర్వే సంస్థల ట్రైనింగ్ నోటిఫికేషన్లు కూడా ఒక చిన్న బాక్సులో వేయండి. జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లలు ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు, నేను చూశాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
తార్నాక, హైదరాబాద్